అరవై ఏడు

తమిళ మాసి నెల మూడో శుక్రవారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు, మా ఇంటి ముందర నిలబడిన నల్ల కారు ఇంజిన్ పలికింది. గోడ గడియారం చూసింది నేనే. కోడలు ఫోనులో చూసి అదే టైము అనింది.

ఆ ఇంజిన్‌ను పలికించిన మెకానిక్ పోయిన వారం చచ్చిపోయినాడు. కాలం చేసినాడు అని రాయమంటాది కోడలు. చచ్చిపోయినాడు అనే రాస్తా. అతనికి అట్టాంటి మెత్తని మాటలు పట్టవు.

నాకు అక్షరం వచ్చింది తల నెరిసినాక. చిన్నప్పుడే మిల్లులో నూలు చుట్టేదానికి పోయినా, బడికి పోలే. మా కోడలు విజయ చిత్తూరు పక్కనుంచి వచ్చిన పిల్ల. తన బిడ్డకు తెలుగు రాసేది నేర్పతా, పక్కన కూర్చున్న నాకూ నేర్పింది. ఈ తమిళనాడు ఊర్లో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి వీధి ఉండారు, రాసేవాళ్ళు లేరు. అందుకే నేను రాస్తా ఉండా. తప్పులుంటే కోడల్ని అడగండి.

మా గోడకు అవతల అతని షెడ్డు. రేకుల కప్పు, మట్టి నేల, నడిమధ్య కారు కిందికి దిగి పని చేసేదానికి ఒక గుంత. షెడ్డుకు బోర్డు లేదు. బోర్డు రాసేవాడు డబ్బాలు తీసుకొని వచ్చి అడిగితే, పేరు పెడితే గొడవకు వస్తారు, పో అని తరిమినాడు. మళ్ళీ ఎవురు అడిగినా అదే జవాబు. ఊరంతా మెకానిక్ అనే పిలిచింది. పెండ్లాం లచ్చుమి కూడ మెకానిక్ తిన్నాడా, మెకానిక్ పండుకున్నాడా అనే అడిగేది. మొగుని పేరు నోట పలకకూడదు గదా, ఆమెకు అది వీలుగా పోయింది.

మా ఊర్లో ఆస్పత్రులకు కట్టు గుడ్డ నేస్తారు. నేతలో తప్పు పోయిన గుడ్డను మూటగా తెచ్చుకొని అతను దాంతోనే ఇంజిన్ తుడిచేవాడు, చేయి తుడిచేవాడు, మొగం తుడిచేవాడు. రెండు చేతులకూ తెల్ల గుడ్డ చుట్టుకొని టీ తాగేదానికి రోడ్డు మీదికొస్తే, తెలియనోళ్ళు ఏం దెబ్బ తగిలిందని పాపం అడుగుతారు. నాకు కాదు, లోపల పడుకొనుండాడు చూడు, వానికి అని షెడ్డు పక్క చూపిస్తాడు. ఒకామె నిజంగానే లోపలికి పోయి చూసి, విప్పి పెట్టిన ఇంజిన్ చూసి, తిట్టుకుంటా వచ్చింది.

ఏ సామాను ఏ ఊరినుంచి వస్తే దానికి ఆ ఊరి పేరు పెడతాడు. దిండిగల్ బిగుసుకుపోయింది, కోవిల్‌పట్టి నూనె కక్కతా ఉండాది అని లోపలినుంచి అరుస్తా ఉంటే, మొదట్లో నేను బస్సుల గురించి చెప్తా ఉండాడు అనుకున్నా. పని ముగిస్తే ముగిసిందని చెప్పడు. ఇప్పటికి ఇది అంటాడు. అతని నోటినుంచి అయిపోయింది అనే మాట నేను వినలే.

మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. దాని కొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కండ్లు మూసుకొని వింటాడు. వినేటప్పుడు నోరు తెరుచుకుంటాది. ఈగ పోతాది మరిదీ అంటే మూస్తాడు, మళ్ళీ తెరుచుకుంటాది. మా ఆయనకు అతను తమ్ముని మాదిరి, అందుకే నాకు మరిది. రక్తం ఏమీ కలవదు. ఎగతాళికి మాత్రం వదినె మరిది వరస బాగా కలిసింది.

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాల. మా పక్క అందరూ వరుషం అంటారు. అతను మాత్రం ఏడు అంటాడు. అతన్ని పెంచిన అవ్వ అట్ట అనేదంట. పాత కార్ల పని అతనిది, ఏ ఇంజిన్ వచ్చినా మొదటి ప్రశ్న, ఇది ఏ ఏడుది. యాభై ఎనిమిది ఏడు, అరవై రెండు ఏడు అని చెప్తాడు. యాభై ఎనిమిదో, అరవై రెండో అని సాగదీసేది లేదు. దాని తర్వాత వచ్చే మాట కూడ ఒకటే. ఏడు కలవాల. ఒక ఏడు ఇంజిన్‌లోకి ఇంకో ఏడు సామాను పెట్టకూడదు, పెడితే తిరుగుతాది గాని పలకదు అంటాడు. తిరిగేది వేరే, పలికేది వేరే అతనికి.

తళవాయిపురం నుంచి ఒక పెద్దమనిషి ఒకసారి అట్టపెట్టె నిండా సామాన్లు తెచ్చినాడు. ఎక్కడెక్కడో ఏరి తెచ్చినవి, ఒక్కోటి ఒక్కో వరుషానివి. వాటినంతా కలిపి తన తాత కారుకు ఇంజిన్ కట్టిమ్మని అడిగినాడు. మెకానిక్ పెట్టెలో చేయి పెట్టి ఒక్కోటి తీసి చూసి, మళ్ళీ పెట్టి, మూత మూసి, నాలుగిండ్ల కూరలు ఒక చట్టిలో పోసుకొని తింటారా మీరు అని అడిగి పంపించినాడు. ఆయన ఇంకో షెడ్డుకు పోయినాడు. అక్కడ కలిపి కట్టినారు. బండి బాగా తిరిగింది, ఇప్పుడు కూడ తిరుగుతాది. ఆయన ఊర్లోకి వచ్చినప్పుడు మా వీధిలోకి తిప్పి, షెడ్డు ముందర హారన్ కొట్టి పోయేవాడు. పలకతా ఉండాది గదా మరిదీ అని నేను గిల్లితే, గొంతుతో పలకతా ఉండాది, పొట్టతో పలకలే అనేవాడు. ఓడిపోయినా ఒప్పుకునేవాడు కాదు. ఆ మొండితనం నచ్చి మా ఆయన అతన్ని విడిచిపెట్టలే. అదే మొండితనంతో మా బండి మూలపడింది.

మా ఆయన ఆ నల్ల కారును బాడుగకు తోలేవాడు. కుట్రాలానికి, శ్రీవిల్లిపుత్తూరుకు, ఆస్పత్రికి, పిల్లను చూసేదానికి, అన్నిటికీ అదే బండి. ఇంజిన్ స్టార్ట్ చేసినాక వెంటనే కదిలించడు. ఎడమ చేతి వేలితో స్టీరింగ్ మీద దాని తాళం కొట్టతా కొంచేపు వింటాడు. లోపల కూర్చున్నోళ్ళకు బస్సు పోతా ఉండినా సరే, రైలు పోతా ఉండినా సరే. నేను కూడ తిట్టినా. బండి నాకు చెప్పాల గదా, పోదాం అని, అంటాడు.

ఒక వేసవిలో శ్రీవిల్లిపుత్తూరు దారిలో నీళ్ళు ఎండి ఇంజిన్ కాగిపోయి, దాని ఒళ్ళే, బ్లాకు అంటారే అది, పగిలింది. తాడు కట్టి లాగి తెచ్చినారు. మెకానిక్ చూసి, ఇది అరవై ఏడు బండి, ఇదే ఏడు ఒళ్ళు దొరకాల, దొరికినప్పుడు కడతా అన్నాడు. దొరకలే. వేరే ఏడుది వేసి కట్టమని నేను అడిగినా, నా కొడుకు అడిగినాడు. మా ఆయన అడగలే. నేస్తగాడు ఏడు కలవాల అన్నాక ఈయన ఇంకేం అడుగుతాడు. మా ఇంటి పక్కన టార్పాలిన్ కప్పి నిలబెట్టినారు. వానకు టార్పాలిన్ చిరిగింది, ఇంకోటి కప్పినారు. కోడి దాంట్లో గుడ్లు పెట్టింది. మా ఆయన ఇంకొకరి వ్యాను తోలి, కండ్లు మసకైనాక అదీ విడిచిపెట్టినాడు.

పోయిన దీపావళి దాటినాక ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పోయింది, మాట పోయింది. మదురై పెద్దాస్పత్రిలో ఉంచుకొని, ఇంక ఇంట్లోనే చూసుకోవాల అని పంపించినారు. తెలిసిన గొంతులు వినిపించండి, తెలిసిన మనుషులు పక్కన ఉండండి, ఒక్కోసారి ఆ గొంతు పక్క తిరుగుతారు అని చెప్పినాడు డాక్టరు. నేను మాట్లాడినా. కొడుకు మాట్లాడినాడు. మనవడు ఒళ్ళో కూర్చొని పాట పాడినాడు. ఆయన గోడ చూస్తాడు. మొగం తిప్పి పెడితే తిప్పిన పక్క గోడ చూస్తాడు. ఎడమ చేయి బాగుండాది, కానీ దాంతో కూడ ఏమీ చేయడు. చెంచా పెడితే పట్టుకోడు. నలభై వరుషాలు కాపురం చేసిన మనిషి నా పక్క చూడకుండా ఉండాడు. కోపంతో అయితే చూడకుండా ఉండేది నాకు తెలుసు, దానికి మందు కూడ తెలుసు. ఇది ఏందో నాకు తెలియలే.

మెకానిక్ దినమూ వచ్చి మంచం పక్కన కూర్చొని, అన్నా అని పిలిచి, తన చేతిలో గుడ్డ మడత పెట్టి, విప్పి, మడత పెట్టి పోయేవాడు. ఒక దినం పోతా పోతా బయట టార్పాలిన్ లాగి కింద వేసినాడు. కోడి అరిచింది. నేను బయటికి వచ్చినా.

"అన్న నా గొంతుకు తిరగలే, నీ గొంతుకు తిరగలే. దీని గొంతుకు తిరుగుతాడు వదినె."

"తిరగకపోతే?"

అతను బానెట్ ఎత్తి లోపల తల పెట్టినాడు.

అప్పుడు మొదలైంది. అతనూ ముసలోడే, గుంతలోకి దిగితే ఎక్కేదానికి ఒకరు చేయి ఇయ్యాల. కోవిల్‌పట్టి నుంచి అరవై రెండు ఏడు ఒళ్ళు తెచ్చినాడు. దిండిగల్ నుంచి యాభై ఎనిమిది ఏడు తల తెచ్చినాడు. అదే ఏడువి కావాలని అడగని చోటు లేదు, లేవు అంటే ఉండేది తెచ్చినాడు. ఇన్ని దినాలు లోకాన్ని తిట్టిన పని ఇప్పుడు తనే చేస్తా ఉండాడు. సామాన్లన్నీ షెడ్డులో ఒక చాప మీద పక్కపక్కన పెట్టి, కట్టు గుడ్డ కప్పి, కొన్ని దినాలు ఊరికే వదిలినాడు. పొత్తు కుదరాలంట.

నాలుగిండ్ల కూర అంటివే అని నేను అడిగినా. ఆకలైతే తింటారు వదినె అన్నాడు.

ఒక్క సామాను విషయంలో మాత్రం పట్టు విడవలే. క్యామ్ షాఫ్ట్ అని ఒక కడ్డీ, దాని మీద గుబ్బలుంటాయి. అది తిరిగేకొద్దీ ఇంజిన్ లోపలి చిన్న తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మిగిలినవంతా ఒళ్ళు, ఇది గొంతు అన్నాడు. మా బండి కడ్డీ వాన నీళ్ళు దిగి తుప్పు తినేసింది. దీంట్లో వేరే ఏడు వేస్తే అన్నకు తెలిసిపోతాది అని చెప్పి, లారీ తోలే తన అక్క కొడుకు కన్నన్‌ను పిలిచినాడు. కన్నన్ తిరుచ్చికి లోడు ఎత్తుకొని పోతా ఉండాడు. అక్కడ పాత ఇనుము కొట్టులో అట్టాంటివి ఉండాయని తెలిసింది. లారీ పక్కన నిలబడి మెకానిక్ చెప్పింది నేను నా చెవులతో విన్నా. "అరవై ఏడుది తే రా. బాగా చూసి తే."

కన్నన్ మంచి పిల్లోడే. మా పిల్లలంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, లెక్క మాత్రం తమిళంలో చేస్తారు, బడి అట్టాంటిది. ఏడు అంటే వాళ్ళకు ఆరు తర్వాత వచ్చేది. అరవై ఏడును కన్నన్ మనసులో తమిళం చేసుకొని, అక్కడికి పోయి అరువత్తేళు అని అడిగినాడు. కొట్టువాడు వెతికి అరవై ఏడో వరుషం కడ్డీ తీసిచ్చినాడు. బాగా చూసి తెమ్మన్నాడు గదా, బాగా చూసి, నూనె పూసి, గోనె చుట్టి తెచ్చినాడు.

మెకానిక్ గోనె విప్పినాడు. వేలితో గుబ్బలు తడిమినాడు. కొన దగ్గర గుర్తు చూసినాడు. నేను అక్కడే టీ పట్టుకొని నిలబడి ఉండా. మొగంలో ఏమీ కనపడలే.

"ఇది ఏ ఏడుది రా?"

"మీరు చెప్పిందే మామా. అరవై ఏడు."

"ఏడు అంటే వరుషం రా."

కన్నన్‌కు కొంచేపు అర్థం కాలే. అర్థమైనాక లారీ తాళాలు చేతిలో అట్టే పట్టుకొని నిలబడిపోయినాడు. "అరవై కూడ ఉండె మామా. రెండూ పక్కపక్కనే ఉండె. వాడు ఏది కావాలని అడిగినాడు, నేనే..."

మెకానిక్ తిట్టలే. ఈగకు కూడ అరిచే మనిషి, తిట్టలే. మా అవ్వ అట్ట అనేది, అంతే అన్నాడు. ఫోను చేయించినాడు. ఆ వారం పాత ఇనుమంతా కరిగించేదానికి ఎత్తి పంపేసినామని ఆ పక్కనుంచి చెప్పినారు.

రెండు దినాలు షెడ్డు తెరవలే. మూడో దినం తెరిచి, ఆ కడ్డీనే ఇంజిన్‌లో దించినాడు. ఆడికీ ఈడికీ అరగదీసి, బుష్షు మార్చి, కూర్చోబెట్టినాడు. ఏడు కలవాల అంటివే మరిదీ అని నేను అడిగింది అప్పుడు ఎగతాళికి కాదు.

"కలవలే వదినె. కలిపేదే ఇంక."

ఆ శుక్రవారం మా ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో నడుముకు కట్టి, నలుగురం మోసుకొని వీధిలోకి తెచ్చినాం. కారు ముందర నీడలో పెట్టినాం. ఆయన ఎదురింటి గోడ చూస్తా ఉండాడు. కన్నన్ లోపల కూర్చొని తాళం తిప్పినాడు. ఒకసారి మూలిగింది, ఇంకోసారి దగ్గింది, తర్వాత పలికింది. పొగ వచ్చింది. వీధి కుక్కలు లేచి దూరం పోయినాయి. ఆ సద్దు విని ఎన్నాళ్ళైంది. నాకు తేడా ఏమీ తెలియలే, అదే బండి, అదే సద్దు.

మెకానిక్ స్క్రూడ్రైవర్ ఇంజిన్ మీద ఆనించలే. చేతిలో పట్టుకొని మా ఆయన మొగమే చూస్తా ఉండాడు. ఇప్పటికి ఇది అన్నా అన్నాడు, మెల్లిగా.

మా ఆయన తల తిప్పినాడు.

గోడ విడిచి కారు పక్క తిప్పినాడు. లచ్చుమి నా చేయి గట్టిగా పట్టుకొనింది. ఎడమ చేయి కుర్చీ చేతి మీద ఉండాది. దాని చూపుడు వేలు లేచింది. కుర్చీ మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. స్టీరింగ్ మీద కొట్టేవాడే, అట్టే తాళం కొట్టతా ఉండాడు. విజయ ఏడ్చింది. నేను ఏడవలే, నేను మెకానిక్ మొగం చూస్తా ఉండా. ఆ మొగం ఏమీ సంతోషంగా లేదు.

కొంచేపటికి నాకూ తెలిసింది. ఇంజిన్ ఒక తాళంలో పోతా ఉండాది, వేలు ఇంకో తాళంలో పోతా ఉండాది. కలుస్తాయి, విడిపోతాయి, మళ్ళీ కలవవు. మా ఆయన మొగం చిట్లించినాడు. ఎవురో తప్పు పాట పాడితే మన పాట మనం గట్టిగా పాడుకుంటాం గదా, అట్ట వేలు గట్టిగా కొట్టేదానికి మొదలుపెట్టింది. తర్వాత తల మళ్ళీ గోడ పక్క తిరిగిపోయింది. కారును చూసి, ఇది నాది కాదు అని తిరిగిపోయింది. నేను పోయి ఆయన ముందర నిలబడినా. నన్ను దాటి చూసినాడు.

ఆపు రా అన్నాడు మెకానిక్. కన్నన్ ఆపినాడు.

ఇంజిన్ నిలిచింది. వేలు నిలవలే. ఆ వీధిలో ఇంక ఏ సద్దు లేదు, ప్లాస్టిక్ మీద వేలు సద్దే. మెకానిక్ కష్టపడి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ కొన కుర్చీ చేతి మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కండ్లు మూసుకున్నాడు. నోరు తెరుచుకొనింది. నేను ఏమీ అనలే. చాలాసేపు అట్టే విన్నాడు.

"ఇదే వదినె," అన్నాడు కండ్లు తెరవకుండా. "అరవై ఏడు. ఇదే."

ఆ తర్వాత అతను ఇనుము కొట్లు తిరిగినాడు. ఒక దినం ఏదో జ్ఞాపకం వచ్చి తళవాయిపురం పోయినాడు. ఆ పెద్దమనిషి అట్టపెట్టెలో మాకు కావలసిన అరవై ఏడు కడ్డీ ఉండింది, ఆనాడు మెకానిక్ తన చేత్తోనే తీసి చూసి మళ్ళీ పెట్టి మూత మూసినాడు. ఈ సంగతి చావు ఇంటికి వచ్చిన ఆ పెద్దమనిషే చెప్పినాడు. మెకానిక్ వచ్చి కాఫీ తాగి, సంగతి చెప్పి, ఆ కడ్డీ ఉండాదా అని అడిగినాడంట. అది తిరిగే ఇంజిన్ లోపల ఉండాది, విప్పి ఎట్ట ఇస్తాను అని ఈయన అన్నాడంట. న్యాయమే. ఒకసారి స్టార్ట్ చేసి వినిపిస్తారా అని అడిగితే వినిపించినాడంట. నిలబడి విని, బాగా పలకతా ఉండాది అని చెప్పి బస్సు ఎక్కినాడు. పొట్టతోనా అని ఆయన అడగలే, ఆయనకు తెలియదు. టౌన్ బస్సు స్టాండుకు వచ్చి అందరూ దిగినాక కూడ ఇతను దిగలే. కండక్టర్ వచ్చి లేపితే లేవలే. నోరు తెరుచుకొని ఉండిందంట.

స్క్రూడ్రైవర్ లచ్చుమి తెచ్చి నా చేతికి ఇచ్చింది. మా ఆయన వేలు ఇప్పుడు కూడ ఒక్కో పొద్దు కొట్టతాది, మంచం పట్టె మీద. నేను కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకొని విన్నా. టక్కు టక్కు అని వినిపించింది. అది ఏ ఏడుదో చెప్పేదానికి ఎవురూ లేరు. ఆయన గోడ చూస్తా కొట్టతాడు, నేను వింటా. ఇంతకు మించి నాకు ఏం చేసేదో తెలియదు.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నోళ్ళను రాసి పెడతా. నేను, గురువమ్మ. నా కోడలు విజయ. నా కొడుకు షిఫ్టుకు పోయినాడు, లేడు. మెకానిక్ అక్క కొడుకు కన్నన్. లచ్చుమి. నా మొగుడు, నోటితో ఎప్పుడూ ఆ పేరు పలకలే, రాసేదానికి తప్పు లేదు అనుకుంటా, అళగర్సామి. ఇంక మెకానిక్. అతని పేరు నాకు తెలుసు, దానికి కావలసిన అక్షరాలూ వచ్చు. రాయను. పేరు పెడితే గొడవకు వస్తారు.